డింగీ షికారుకి ముహూర్తం చూడడం ఎలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మత్‌లో ఉంటాం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నేనూ మా ఆయనా హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నాం. గాలి గట్టిగా ఉన్న రోజున కూడా భయం లేకుండా నడిపేవాళ్ళం. ఇక్కడికి వచ్చాక ఒక పాత వేఫేరర్ డింగీ (చిన్న తెరచాప పడవ) కొన్నాం. ఆగస్టులో ఒక శనివారం మా పన్నెండేళ్ళ బాబుని కూడా ఎక్కించుకుని, చిచెస్టర్ హార్బర్ నుంచి సముద్రంలోకి వెళ్ళి, ఐల్ ఆఫ్ వైట్‌లోని బెంబ్రిడ్జ్‌లో భోంచేసి సాయంత్రానికి తిరిగి రావాలని ఉంది. యాప్‌లో గాలి పది పన్నెండు నాట్లు చూపిస్తే చాలా? ఆటుపోట్ల సంగతి ఎంతవరకు పట్టించుకోవాలి? మధ్యాహ్నం ఒంటిగంటకి నిండు పోటు ఉన్న శనివారం ఒకటి దొరికింది. నీళ్ళు నిండుగా ఉంటాయి కదా అని అదే ఖాయం చేసుకుందామనుకుంటున్నాం. పేరు వేయకండి.

సమాధానం: ముందు ఆ శనివారం మార్చుకోండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నీళ్ళు నిండుగా ఉండే రోజు మంచిదని మీకు అనిపించడం సహజమే. చెరువులో నేర్చుకున్నవాళ్ళకి నీళ్ళంటే లోతు మాత్రమే. హుస్సేన్ సాగర్‌లో గాలి పడిపోతే ఏమవుతుంది? తెరచాప వేలాడేసుకుని, ఎండలో కూర్చుని, కాసేపటికి విసుగొచ్చి తెడ్డు వేసుకుంటూ ఏదో ఒక ఒడ్డుకి చేరతారు. చిచెస్టర్‌లో గాలి పడిపోయినా పడవ ఆగదు. నీళ్ళు ఎటు వెళ్తుంటే అటు వెళ్తుంది. అందుకే ఇక్కడ గాలి కంటే ముందు నీళ్ళ టైమ్‌టేబుల్ చూడాలి. అది కూడా వెళ్ళడానికి కాదు, తిరిగి రావడానికి. తిరుగు ప్రయాణంలో నీళ్ళు మనల్ని ఇంటివైపు తోసే రోజు ఏదో చూసుకుంటే, బయలుదేరే టైమ్ దానంతటదే తేలుతుంది.

మీరు ఎంచుకున్న రోజుతో చిక్కేమిటో చెప్తాను. పోర్ట్స్‌మత్, చిచెస్టర్ ప్రాంతంలో పెద్ద పోట్లు వచ్చే రోజుల్లో నిండు పోటు ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం, అర్ధరాత్రి చుట్టుపక్కలే వస్తుంది. ఎండాకాలం గడియారం ప్రకారం పన్నెండున్నర, ఒకటి, ఒకటిన్నర అలా. చిన్న పోట్ల రోజుల్లో పొద్దున ఆరేడు గంటలకీ, సాయంత్రం ఆరేడు గంటలకీ వస్తుంది. పోటు వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, పోటు పెద్దదా చిన్నదా అన్నది చంద్రుడిని బట్టి పక్షం పక్షానికీ తిరిగొస్తుంది. రెండింటి లెక్కా చంద్రుడిదే కాబట్టి ఒక ఊళ్ళో ఈ జత ఎప్పటికీ మారదు. అంటే ఒంటిగంటకి నిండు పోటు అని టేబుల్లో కనిపించిందంటే, అది పక్షంలోకెల్లా పెద్ద పోటు రోజో దాని పక్క రోజో అన్నమాట.

దీనికి యాప్ కూడా అక్కర్లేదు. మీ వంటింట్లో తెలుగు క్యాలెండర్ ఉండే ఉంటుంది, సంక్రాంతికి ఎవరో ఒకరు పంపిస్తారు కదా. అమావాస్య, పౌర్ణమి అయ్యాక ఒకటి రెండు రోజులకి, అంటే పాడ్యమి, విదియ, తదియల్లో ఇక్కడ పెద్ద పోట్లు. అష్టమి దాటాక నవమి, దశమి ప్రాంతంలో చిన్న పోట్లు. అష్టమి నవముల్లో పనులు మొదలుపెట్టకూడదని మా ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబట్టేవారు. పడవ విషయంలో మాత్రం వాళ్ళ మాట పక్కన పెట్టండి. మీకు కావలసిన ముహూర్తం సరిగ్గా అక్కడే ఉంది.

ఎందుకో అంకెల్లో చూడండి. చిచెస్టర్ హార్బర్ ముఖద్వారం దగ్గర పెద్ద పోటు రోజున నీటిమట్టం మ్యాప్ సున్నా (సముద్రపు మ్యాపుల్లో లోతులు కొలిచే ఆధార మట్టం) నుంచి 4.9 మీటర్ల దాకా ఎక్కి, 0.9 దాకా దిగుతుంది. నాలుగు మీటర్ల తేడా. చిన్న పోటు రోజున 4.0 కి ఎక్కి 1.9 కి దిగుతుంది. తేడా రెండు మీటర్లే. మన విశాఖ తీరంలో పెద్ద పోటు రోజున కూడా తేడా ఒకటిన్నర మీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, ఈ నాలుగు మీటర్లు ఏపాటివో అక్కడి సముద్రం చూసినవాళ్ళకి ఊహకి కూడా అందదు. పైగా ఇక్కడ నీరు ఎక్కడానికి సుమారు ఏడు గంటలు తీసుకుంటే, దిగడం ఐదు గంటల్లోనే ముగిసిపోతుంది. అంత పెద్ద హార్బర్‌లోని నీళ్ళన్నీ హేలింగ్ ఐలాండ్‌కీ ఈస్ట్ హెడ్ ఇసుక కొసకీ మధ్య ఉన్న ఒక్క సందులోంచే బయటికి పోవాలి. పెద్ద పోటు రోజుల్లో ఆ సందులో ప్రవాహం ఆరు నాట్ల దాకా, అంటే గంటకి పదకొండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మీ వేఫేరర్ మామూలు గాలిలో నాలుగు నాట్లు, బాగా నడిస్తే ఐదు. గాలికి ఎదురెక్కుతుంటే గమ్యం వైపు సాగేది అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులే. అంటే మూడు, నాలుగు గంటల మధ్య మీరు ఆ సందు బయట ఉంటే, తెరచాపలన్నీ నిండుగా ఉండి నురగ లేపుకుంటూ వెళ్తున్నా ఒడ్డుని చూస్తే వెనక్కే పోతుంటారు.

ఇంకొకటి ఉంది. ఎండ బాగా కాసిన రోజున మధ్యాహ్నానికి ఈ తీరంలో దక్షిణం వైపు నుంచి సముద్రపు గాలి లేస్తుంది. హేలింగ్ వైపు అది పేరున్న గాలి. నీళ్ళు దక్షిణానికి పరుగెత్తుతుంటే గాలి ఉత్తరానికి వీస్తుంది. రెండూ ఢీకొనేది ఎక్కడంటే, సందు బయట లోతు తక్కువగా ఉండే ఇసుక తిన్నె మీద. అక్కడ అలలు పొట్టిగా, నిట్టనిలువుగా లేచి విరుగుతాయి. పొద్దున మీరు అదే చోట దాటినప్పుడు నీళ్ళు అద్దంలా ఉండి ఉంటాయి. మీ శనివారం లెక్క ప్రకారం తిరిగి వచ్చే వేళకి ఇవన్నీ ఒకేసారి ఎదురవుతాయి.

ఇక బెంబ్రిడ్జ్. ఇసుక తిన్నె దగ్గర్నుంచి అక్కడికి ఏడు నాటికల్ మైళ్ళ పైనే. మధ్యలో పోర్ట్స్‌మత్‌కీ సౌతాంప్టన్‌కీ వచ్చే పెద్ద ఓడల దారి దాటాలి. బెంబ్రిడ్జ్ హార్బర్‌ లోపలికి వెళ్ళే కాలువలో నీరు తీసినప్పుడు లోతు ఉండదు కాబట్టి దాని టైమ్ కూడా కలవాలి. వేఫేరర్‌కి ఆ సత్తా లేదని కాదు. ఇయాన్ ప్రాక్టర్ 1957లో గీసిన ఈ పదహారడుగుల పడవలోనే ఫ్రాంక్ డై 1963లో ఐస్‌లాండ్ దాకా వెళ్ళాడు. కానీ మీకు ఈ నీళ్ళు కొత్త, పడవ కొత్త, బాబుకి అసలు పడవే కొత్త. ఈ సంవత్సరానికి బెంబ్రిడ్జ్ వద్దు.

దాని బదులు ఇచ్చెనార్ నుంచి ఈస్ట్ హెడ్‌కి వెళ్ళండి. హార్బర్ లోపలే రెండున్నర మైళ్ళు. చివర్లో ఇసుక దిబ్బలు, మంచి బీచ్, ముందు సముద్రం కనిపిస్తూ ఉంటుంది. మీ అబ్బాయి దృష్టిలో అది సముద్రానికి వెళ్ళొచ్చినట్టే. బయలుదేరడానికి బోషమ్, ఎమ్స్‌వర్త్, డెల్ క్వే కూడా అందమైన చోట్లే. కానీ నీరు తీశాక అక్కడ మిగిలేది బురదే. బోషమ్‌లో పెద్ద పోటుకి ఒడ్డు రోడ్డే మునిగిపోతుంది. బోర్డు చదవకుండా కారు పెట్టి టీకి వెళ్ళినవాళ్ళు, తిరిగొచ్చి కారు తలుపుల దాకా నీళ్ళు చూసి గుడ్లు తేలేస్తుంటారు. ఇచ్చెనార్‌లో హార్బర్ ఆఫీసు కూడా ఉంది. డింగీకి కట్టాల్సిన రుసుము అక్కడే కట్టి, ట్రైలర్ ఎక్కడ పెట్టాలో, స్లిప్‌వే (పడవని నీళ్ళలోకి దించే వాలు) ఏ వేళకి ఎలా ఉంటుందో అడిగేయండి. వాళ్ళకి ఈ ప్రశ్నలు మామూలే.

చిన్న పోటు శనివారం ఒకటి తీసుకుందాం. ఉదాహరణకి పొద్దున ఏడుకి నిండు పోటు, పన్నెండున్నరకి పూర్తి ఆటు, సాయంత్రం ఏడుకి మళ్ళీ పోటు. టేబుల్ చూసేటప్పుడు అందులో వేళలు గ్రీన్విచ్ టైమా, ఎండాకాలం టైమా అని చూసుకోండి. అచ్చు టేబుల్స్‌లో చాలావరకు గ్రీన్విచ్ టైమే ఉంటుంది, మనమే గంట కలపాలి. ఫోన్లో వచ్చేవి కొన్ని ముందే కలిపేసి ఉంటాయి. వాటికి కూడా ఇంకో గంట కలిపి ప్లాన్ మొత్తం తలకిందులు చేసుకున్నవాళ్ళున్నారు. బ్రిటిష్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు వారి ఈజీటైడ్ వెబ్‌సైట్లో వారం రోజుల వేళలు ఉచితంగా దొరుకుతాయి.

తొమ్మిదికల్లా ఇచ్చెనార్ చేరండి. పడవ సర్దుకోవడానికి గంటంటారు, గంటన్నర పడుతుంది, ఎప్పుడూ అంతే. పదిన్నరకి నీళ్ళలోకి దిగితే, దిగుతున్న నీరు మిమ్మల్ని మెల్లగా ఈస్ట్ హెడ్ వైపు తీసుకెళ్తుంది. నైరుతి గాలి అయితే ఎదురెక్కాలి, అంటే అటూ ఇటూ టాక్ చేస్తూ రెండున్నర మైళ్ళ దారికి మూడున్నర మైళ్ళు తిరుగుతారు. నీళ్ళ సాయం ఉంటుంది కాబట్టి గంటంబావు, గంటన్నర చాలు. పన్నెండు ప్రాంతంలో చేరతారు. అప్పటికి నీరు ఇంచుమించు అడుగుకి చేరి ప్రవాహం నీరసపడుతుంది, సందు దగ్గర్లో ఉండడానికి అంతకంటే మంచి వేళ లేదు. తిని, ఆడుకుని, రెండింటికి బయలుదేరండి. ఇప్పుడు నీరు లోపలికి వస్తుంటుంది, సముద్రపు గాలి వెనకనుంచి తోస్తుంటుంది. మూడున్నర లోపు ఇచ్చెనార్‌లో ఉంటారు. గాలి పూర్తిగా పడిపోయినా సాయంత్రం ఏడు దాకా పోటు మిమ్మల్ని ఇంటివైపే తెస్తుంది. రెండు తెడ్లు మాత్రం పడవలో ఉండి తీరాలి.

ఒక షరతు ముందే, ఒడ్డున ఉండగానే పెట్టుకోండి: పన్నెండు ముప్పావు అయ్యేసరికి ఈస్ట్ హెడ్ చేరకపోతే, ఎంత దగ్గర్లో ఉన్నా పడవ తిప్పేయాలి. నీళ్ళ మీద ఉండగా ఆ నిర్ణయం తీసుకుందామంటే, "ఇంకొక్క టాక్‌లో వచ్చేస్తుందిలే" అని ఎవరో ఒకరు అంటారు. మీ ఇంట్లో అనేదెవరో మీకే తెలుసు.

సముద్రపు మ్యాప్ ఒకటి కొనండి. అడ్మిరల్టీ చార్ట్ 3418 లో చిచెస్టర్, లాంగ్‌స్టన్ రెండూ ఉంటాయి. అందులో ఆకుపచ్చ రంగు వేసినచోట్లు నీరు తీశాక బయటపడే బురద, ఇసుక. ఆ పచ్చటి భాగంలో కొన్ని అంకెల కింద చిన్న గీత ఉంటుంది. 1.4 కింద గీత ఉందంటే ఆ చోటు మ్యాప్ సున్నాకి 1.4 మీటర్లు పైన ఉందని అర్థం. చిన్న పోటు రోజున నీరు 1.9 కంటే దిగదు, కాబట్టి అక్కడ అర మీటరు నీళ్ళుంటాయి. సెంటర్‌బోర్డ్ (పడవ అడుగు నుంచి నీళ్ళలోకి దించే పలక) ఎత్తేస్తే వేఫేరర్‌కి ఇరవై సెంటీమీటర్లు చాలు, తేలికగా దాటుతుంది. దించి ఉంటే మీటరు పైనే కావాలి, ఠక్కున తగులుతుంది. అదే చోటు పెద్ద పోటు రోజున అర మీటరు ఎత్తున గాలిలో ఆరుతుంటుంది. ఈ కూడికలు ముందురోజు రాత్రి బాబు చేత చేయించండి. ఆరో తరగతి లెక్కే.

ఈస్ట్ హెడ్‌కి లోపలి వైపు, కాలువకీ ఒడ్డుకీ మధ్య విన్నర్ అనే పెద్ద ఇసుక దిబ్బ ఉంది. దాని అంచున ఆకుపచ్చ బోయాలు (దారి చూపడానికి లంగరేసి తేల్చిన గుర్తులు) వరసగా ఉంటాయి. లోపలికి వచ్చేటప్పుడు ఆకుపచ్చవి కుడివైపు, ఎర్రవి ఎడమవైపు ఉండాలి. మీరు మొదట బయటికి వెళ్తున్నారు కాబట్టి అది తిరగబడుతుంది. బోయా పక్కనుంచి వెళ్ళేటప్పుడు దాన్ని కాసేపు గమనించండి. ప్రవాహం ఉంటే బోయా ఒకవైపు ఒరిగి, ఎగువ పక్క నీళ్ళు ఉబ్బి, దిగువ పక్క సుడులు తిరుగుతూ పొడుగాటి జాడ కనిపిస్తుంది. బోయా కదలక పోయినా పడవలా నీళ్ళు కోస్తున్నట్టే ఉంటుంది. ఆ జాడ ఎటు ఉందో చూస్తే నీరు ఎటు పోతోందో, ఎంత పొడుగుందో చూస్తే ఎంత జోరుగా పోతోందో టేబుల్ కంటే నమ్మకంగా తెలుస్తుంది. లంగరు వేసిన పడవల ముక్కులు కూడా అదే చెప్తాయి, గాలి మరీ ఎక్కువైతే తప్ప.

బీచ్‌కి పడవ చేర్చడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎక్కువమంది రోజు పాడయ్యేది అక్కడే. వేఫేరర్ ఖాళీగానే 170 కిలోలు. చిన్న పోటు రోజున కూడా, ఆటు మధ్యలో నీరు గంటకి నలభై సెంటీమీటర్ల పైనే దిగుతుంది. ఇరవై అడుగులకి ఒక అడుగు వాలు ఉన్న ఇసుక మీద, నలభై సెంటీమీటర్లు దిగితే నీటి అంచు ఎనిమిది మీటర్లు వెనక్కి పోయినట్టు. పదకొండుకే చేరి పడవ ఇసుక మీదికి లాగి పులిహోర డబ్బా తెరిస్తే, తిని లేచేసరికి పడవ పొడి ఇసుకలో కూర్చుని ఉంటుంది. మీ ముగ్గురి వల్లా అది కదలదు. అందుకే ఆటు చివర్లో చేరమంటున్నాను. తొందరగా వచ్చేస్తే మోకాలి లోతులో లంగరు వేసి, వంతులవారీగా ఒకరు పడవ దగ్గర ఉండండి. ఆటు తిరిగాక కథ మారుతుంది, నీరు ఎక్కుతూ వచ్చి పడవని లేపేస్తుంది. కాబట్టి లంగరుని పొడవైన తాడుతో బీచ్ పైకి బాగా దూరంగా పాతిపెట్టండి. థార్నీ ఐలాండ్ కింద పిల్సీ అనే చిన్న దీవి కనిపిస్తుంది, అది పక్షుల రక్షిత ప్రాంతం, అక్కడ దిగకూడదు. దారిలో బురద మీద సీల్స్ పడుకుని ఉంటే దూరం నుంచే చూడండి.

బురద సంగతి ఎలాగూ వచ్చింది కనుక: ఎక్కడైనా దిగబడితే, తోద్దామని పడవ దిగకండి. నడుము దాకా కూరుకుపోయే చోట్లున్నాయి. ఎక్కే నీటిలో దిగబడితే పది నిమిషాల్లో అదే తేలుతుంది. దిగే నీటిలో దిగబడితే వెంటనే సెంటర్‌బోర్డ్ ఎత్తి, అందరూ ఒక పక్కకి ఒరిగి, తెడ్డుతో నెట్టి చూడండి. కుదరకపోతే టీ ఫ్లాస్కు తీయండి.

ఇప్పుడు గాలి. యాప్‌లో పది పన్నెండు నాట్లు అనేది సగటు. విసురు ఎంత అని పక్కనే ఇంకో అంకె ఉంటుంది, అది చూడండి. పైగా ఎండ రోజున సముద్రపు గాలిని యాప్‌లు చాలాసార్లు తక్కువగా అంచనా వేస్తాయి. పన్నెండు అన్న చోట మూడింటికి పదిహేడు వీచినా ఆశ్చర్యపోకండి. మెట్ ఆఫీసు వారి తీరప్రాంత సూచనలో మీది సెల్సీ బిల్ నుంచి లైమ్ రీజిస్ దాకా ఉన్న భాగం. అందులో గాలి జోరుని ఫోర్స్ అంకెల్లో చెప్తారు. ఫోర్స్ 3 అంటే మీకు హాయి, 4 అంటే ఒడ్డునే రీఫ్ కట్టుకుని (తెరచాప కొంత మడిచి చిన్నది చేసుకుని) దిగాలి, 5 అన్న మాట ఎక్కడ కనిపించినా ఆ రోజు బోషమ్ వెళ్ళి ఐస్‌క్రీమ్ తినండి. బయలుదేరే ముందు చిమెట్ అనే సైట్ చూడండి. సందు బయట ఇసుక తిన్నె దగ్గరున్న స్తంభం మీది పరికరాలు కొలిచిన గాలి, అల, నీటిమట్టం ఐదేసి నిమిషాలకోసారి అందులో వస్తాయి. అంచనా కాదు, అక్కడ ఆ క్షణాన ఉన్నది. ఉత్తరం గాలి రోజున ఇంకో జాగ్రత్త. నీళ్ళు నున్నగా, పిల్లల పార్కులా కనిపిస్తాయి. కానీ ఆ గాలి మిమ్మల్ని సముద్రంలోకి నెడుతుంది.

మీరు అడగలేదు కానీ, పడవ బోల్తా పడితే? హుస్సేన్ సాగర్‌లో లేజర్ పడవని తిప్పి ఎక్కినంత సులువు కాదు ఇది. బరువైన పడవ, పైగా లోతు తక్కువ చోట తెరచాప కొయ్య బురదలో గుచ్చుకుంటుంది. కొయ్య చివర గాలి బుంగ కట్టుకుంటే పూర్తిగా తలకిందులవదు. షికారుకి ముందు ఒక రోజు ఏదైనా క్లబ్బులో సేఫ్టీ బోటు పక్కన ఉండగా ముగ్గురూ కావాలని బోల్తా కొట్టి చూడండి. ఆగస్టులో నీళ్ళు 17, 18 డిగ్రీలు ఉంటాయి, పడగానే ఊపిరి బిగుసుకుంటుంది. వెల్లకిలా తేలుతూ ఒక నిమిషం, నిమిషంన్నర ఆగితే ఊపిరి దారిలో పడుతుంది, ఈత కొట్టడం ఆ తర్వాతే. బాబుకి ఇది ఒడ్డునే నేర్పండి. వెట్‌సూట్, ఒంటికి సరిగ్గా సరిపోయే బాయెన్సీ ఎయిడ్ (నీళ్ళలో తేల్చే జాకెట్టు) ముగ్గురికీ ఉండాలి. "పెరుగుతాడు కదా" అని ఒక సైజు పెద్దది కొంటే నీళ్ళలో అది తల మీదికి వచ్చేస్తుంది.

ఫోన్ని వాటర్‌ప్రూఫ్ సంచిలో, ఒంటిమీదే పెట్టుకోండి. చేతిలో ఇమిడే వీహెచ్ఎఫ్ రేడియో, దానికి కావలసిన సర్టిఫికెట్ ఉంటే ఇంకా మేలు. ఆపదకి 16వ ఛానెల్, హార్బర్ వాళ్ళకి 14. ఫోనయితే 999 కొట్టి కోస్ట్‌గార్డ్ అని చెప్పాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో, ఎన్ని గంటల దాకా కబురు లేకపోతే ఫోన్ చేయాలో ఊళ్ళో ఉన్న ఎవరికైనా రాసి ఇవ్వండి. హైదరాబాద్‌లో అమ్మగారికి వాట్సాప్ పెట్టడం దీనికింద రాదు. ఆవిడకి టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు, పైగా మీకు సాయంత్రం ఐదంటే ఆవిడకి రాత్రి తొమ్మిదిన్నర.

వచ్చే ఏడాది బెంబ్రిడ్జ్ సంగతి: ఈ హార్బర్ లోపల పెద్ద పోటు రోజుల్లో, చిన్న పోటు రోజుల్లో, ఫోర్స్ 4 గాలిలో కూడా తిరిగాక, ఇంకో పడవతో జతగా ఒకసారి ఇసుక తిన్నె దాకా వెళ్ళి రండి. సందు బయటికి వెళ్ళారంటే సముద్రంలోకి వెళ్ళినట్టే. అక్కడినుంచి వాతావరణం, ఆటుపోట్లు, పడవ శక్తి, కుదరకపోతే ఏం చేయాలన్నది ముందే ఆలోచించుకోవడం, డింగీకైనా సరే, అంతర్జాతీయ నియమం. 2002 జులై నుంచి చిన్న షికారు పడవలకి కూడా అది వర్తిస్తోంది. అప్పుడు కూడా నవమి, దశమి శనివారమే చూసుకోండి, ఆటుతో బయటికి, పోటుతో లోపలికి. మీరు అనుకున్న తేదీ ఏమిటో రాయలేదు కాబట్టి దాని పక్క వారం మీకు సరిపోవచ్చు. పెద్ద పోటు శనివారానికి అటు వారమైనా ఇటు వారమైనా చిన్న పోటు రోజులే.